రెండు గళ్ళు వెనక్కి

ఆయన్ని అందరూ మిల్లీమీటరు అనేవారు. ఎదురుగా ఉన్నప్పుడు చివర ‘గారు’ తగిలించేవారు, పక్కకి వెళ్ళగానే తీసేసేవారు, అంతే తేడా. బోర్డు ఆటలు అచ్చువేసి అమ్మే ఒక చిన్న కంపెనీలో ఆయన కటింగ్ మాస్టరు. ప్రెస్సు నుంచి వచ్చిన పెద్ద అట్ట షీట్లని కత్తి మిషను కింద పెట్టి ఆట బల్లలుగా, కార్డులుగా, బిళ్ళలుగా ముక్కలు చేయడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళు అదే చేశాడు. కత్తి ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే ఏమవుతుందో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పేవాడు. కార్డుకి ఒక అంచున తెల్ల గీత మిగులుతుంది. రెండో ఆటకల్లా పిల్లలు ఆ గీతని బట్టి ఆ కార్డుని వీపు చూసే గుర్తుపట్టేస్తారు. ఇక ఆ ఆట చచ్చినట్టే.

అంతకన్నా ఆయనకి కడుపుమంట తెప్పించేది షీటులో ఖాళీ. నలభై కార్డులు పట్టే షీటు మీద ముప్పై ఎనిమిదే అచ్చేసి పంపితే, మిగిలిన రెండు తెల్ల ముక్కల్నీ చేత్తో పట్టుకుని డిజైను గదిలోకి వెళ్ళేవాడు. ‘ఇవి ఎవరి నెత్తిన పెట్టమంటారు?’ అని అడిగేవాడు. ఈ ఖాళీ సంగతి గుర్తుంచుకోవాలి. జరిగినదానిలో సగం దానివల్లే జరిగింది.

ఆయన భార్య కర్టెన్లు కుట్టేది. ఇళ్ళకి వెళ్ళి కిటికీలు కొలుచుకుని వచ్చేది, అదీ టేపు లేకుండా. ‘ఆరు జానలు, పైన నాలుగు వేళ్ళు’ అని చీటీ రాసుకునేది. మిల్లీమీటర్లతో బతికే మనిషికి అలాంటి భార్య దొరికితే ఇంట్లో ఏ మాటలు వినపడతాయో ఆ మాటలే వినపడేవి.

‘జాన కొలత కాదు. నీ జాన వేరు, నా జాన వేరు.’

‘కుట్టేది నా చేతులేగా. మీరు కుట్టే రోజున మీ జాన పెడదాం లెండి.’

ఆవిడ కుట్టిన కర్టెన్ ఒక్కటి కూడా పొట్టి కాలేదు. అది ఆయనకి చివరిదాకా మింగుడుపడలేదు.

వాళ్ళకి పిల్లల్లేరు. భార్యకి ఒక అక్క ఉంది. రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. స్కూలు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, స్వెట్టర్లు అల్లుతుంది, ఉత్తరం రాస్తే అర్జీలా ఉంటుంది. ఆదివారం ఆదివారం ముగ్గురూ ఆవిడ వరండాలో కాఫీ తాగేవారు. తర్వాత ఇద్దరే తాగారు.

యాభై ఎనిమిదో ఏట ఒక మధ్యాహ్నం ఆయన భార్య కర్టెన్లు ఇచ్చి వస్తూ బస్సు దిగి, ఇంటికి రాలేదు. బస్టాపు పక్కనే టైర్ల షాపు మెట్ల మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ‘ఎవరికోసమో చూస్తున్నాను’ అంది ఆయన్ని చూసి. ఎవరికోసమో చెప్పలేకపోయింది. డాక్టరు జబ్బు పేరు చెప్పి, అది వెనక్కి తిరిగేది కాదని చెప్పి, ఇంటి దారిని రోజూ ఒకసారి చెప్పించమన్నాడు.

చెప్పించడం ఆయనకి చేతకాదు. కోయడం వచ్చు. కంపెనీలో మిగిలిన అట్ట ముక్కలు తెచ్చి, బస్టాపు నుంచి గుమ్మం దాకా ఇరవై ఎనిమిది గళ్ళు కోసి బల్ల మీద అతికించాడు. దారిలో కనిపించేవి ఎనిమిది విడి ముక్కల మీద చిన్న బొమ్మలుగా గీశాడు: టైర్ల షాపు, నీలం గేటు, మందుల షాపు, వంగిన కరెంటు స్తంభం, ఇలా. సాయంత్రం పని నుంచి రాగానే ఇద్దరూ ఆ బల్ల ముందు కూర్చునేవారు. ఆవిడ ఒక బొత్తాముని గళ్ళ మీద నడిపించేది. మధ్యలో ఆగిపోతే ఆయన ‘ఇంకో రెండు మలుపులే’ అనేవాడు. ఎక్కడ ఆగినా అదే మాట.

నాలుగు రోజులకి ఆవిడకి విసుగొచ్చింది.

‘ఇదేం ఆటండీ, ఊరికే నడవడం. తప్పు చేస్తే శిక్ష ఉండాలి.’

‘ఏం శిక్ష?’

‘నేను తప్పినప్పుడల్లా ఈ బొమ్మల్లో ఒకటి బోర్లా వెయ్యండి. నేను ఇల్లు చేరేలోపు అన్నీ బోర్లా పడితే ఇద్దరం ఓడినట్టు.’

‘ఇద్దరం ఎందుకు?’

‘నేను దారి తప్పితే మీరొక్కరే ఇంట్లో కూర్చుని గెలుస్తారా?’

తర్వాత అట్ట ముక్కల మీద నీలం సిరాతో కార్డులు రాయడం మొదలుపెట్టింది. మొదటిది: ‘తాళం చెవి పంచదార డబ్బాలో పెట్టింది. రెండు గళ్ళు వెనక్కి.’ అది ఆ రోజు పొద్దున జరిగినదే.

‘పెట్టాను అని రాయొచ్చుగా’ అన్నాడు ఆయన.

‘నా గురించని ఎవరన్నారు? ఆటలో ఒకావిడుంది. ఆవిడ సంగతి.’

ఆటలో ఆవిడ కిటికీ కొలవడానికి వెళ్ళి తలుపు కొలుచుకుని వచ్చింది. ఒక గడి వెనక్కి. బస్సు టిక్కెట్టు జాగ్రత్తగా దాచి, బస్సెక్కడం మర్చిపోయింది. రెండు గళ్ళు వెనక్కి. ఒకే కూరలో నాలుగుసార్లు ఉప్పు వేసింది, ఇంట్లో మనిషి నోరెత్తకుండా తిన్నాడు. ఒక గడి ముందుకి. ఇలా ఏడాదిన్నరలో ముప్పై ఒక్క కార్డులు రాసింది. రాసి, చదివి, ఆయనకన్నా ముందు తనే నవ్వేది. ఇరవై దాటాక అక్షరాలు పక్కకి ఒరగడం మొదలైంది. ముప్పై ఒకటో కార్డు మీద తప్పేమిటో లేదు. ‘రెండు గళ్ళు వెనక్కి’ అని మాత్రం ఉంది. ఎందుకని ఆయన అడిగాడు. ఆవిడ కార్డుని తిప్పి చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. అదే ఆఖరు కార్డు.

అంతకు చాలా ముందే ఒక మాట తీసుకుంది.

‘ఇవి నేను రాశానని ఎవరికీ చెప్పకండి. జాలిపడతారు. అక్కకి అసలే చెప్పకండి.’

‘అక్కకెందుకు వద్దు?’

‘ఏడుస్తుంది. అది ఏడిస్తే నాకు నవ్వు రాదు.’

ఆవిడ పోయిన ఎనిమిది నెలలకి, మూలలు నలిగిపోయాయని ఆ బల్లని కొత్తగా కోయడానికి ఆయన కంపెనీకి తెచ్చాడు. భోజనం వేళ మేడమ్ కంట పడింది. మేడమ్ అంటే కంపెనీ యజమానురాలు. ఏమిటని అడిగితే, ‘ఇంట్లో ఆడుకునేవాళ్ళం’ అన్నాడు. ఆవిడ అక్కడే ప్యాకింగు బల్ల మీద ముగ్గుర్ని కూర్చోబెట్టి ఆడించింది. ఓడిపోయింది. మళ్ళీ ఆడింది. అందరూ కలిసి గెలిచి అందరూ కలిసి ఓడే ఆట తమ దగ్గర లేదని, దీన్ని వేద్దామని అంది. ఆయన కాదనలేదు. రాసింది ఎవరో చెప్పవద్దన్నది గాని, ఆటని దాచమనలేదు కదా అనుకున్నాడు. ఆటకి ‘ఇంకో రెండు మలుపులు’ అని పేరు పెట్టారు.

షీటుకి నలభై కార్డులు పడతాయి. ఉన్నవి ముప్పై ఒకటి. మిగిలిన తొమ్మిదింటి మీద కంపెనీ ముద్ర వేసేద్దామన్నారు డిజైనువాళ్ళు. ఇంకెవరైనా సరే అనేవారు. ఆయన అనలేకపోయాడు. ఇంటికి వెళ్ళి ఒక్క సాయంత్రంలో తొమ్మిదీ రాసి తెచ్చాడు. ఆవిడ రాయలేని రోజుల్లో జరిగినవి, ఆయన చూసినవి, గుర్తున్నవి. మొదటి ముప్పై ఒకటిలో ఏది నవ్వుకోవచ్చో ఆవిడే తేల్చుకుంది. ఈ తొమ్మిదీ ఆవిడ తరఫున ఆయన తేల్చాడు. ఆ తేడా ఆ సాయంత్రం ఆయన బుర్రకి తట్టలేదు. షీటు నిండింది, మనసు కుదుటపడింది.

ఆట బజారుకి వెళ్ళిన రెండో నెల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఒక టీచరు ‘జబ్బుని ఆటవస్తువు చేశారు’ అని రాసింది. ఒక తండ్రి సరదాకి కొన్నాడట, వాళ్ళ అమ్మాయి నేరుగా నాయనమ్మ దగ్గరికి వెళ్ళి ‘నువ్వెప్పుడు మర్చిపోతావు?’ అని అడిగిందట. ఇంకొకాయన ఆట బాగుందనీ, ఇతివృత్తం మాత్రం దుర్మార్గమనీ, దీన్ని అంతరిక్షంలోకి మార్చమనీ సలహా ఇచ్చాడు. ఆ కంపెనీయే అమ్మే ఇంకో ఆటలో ఊళ్ళు తగలబెడితే పాయింట్లొస్తాయి. దాని మీద పదేళ్ళలో వచ్చిన ఒకే ఒక్క ఫిర్యాదు, పెట్టెలో ఎర్ర బిళ్ళలు రెండు తక్కువున్నాయని. బూడిదైన ఊరి గురించి ఎవరికీ నిద్ర చెడలేదు. పంచదార డబ్బాలో తాళం చెవి అందరికీ గుచ్చుకుంది. మనసు నొచ్చుకోవడం కూడా మన ఇంటి కొలతలతోనే జరుగుతుంది కాబోలు.

ఆ ఉత్తరాల విషయంలో మేడమ్‌కి ఒక పద్ధతి ఉంది. శనివారం భోజనాలయ్యాక ప్యాకింగు హాల్లో అందర్నీ కూర్చోబెట్టి, ఆ వారం వచ్చిన కవర్లు అక్కడే చించి, బయటికి చదివించేది. ముందుగా ఎవరూ చదవకూడదు, ఏరకూడదు. పెట్టె చేసిన ప్రతి చెయ్యీ కొన్నవాడి మాట వినాలని ఆవిడ సిద్ధాంతం. వినడానికి ఎంతో బాగుంటుంది. సిద్ధాంతాలన్నీ అలాగే ఉంటాయి. చదివేది డిస్పాచి గుమాస్తా. గొంతు బాగుంటుందని అతనికి రేడియో అని పేరు. కోపమున్న ఉత్తరాన్ని కోపంగా, బాధ ఉన్నదాన్ని బాధగా చదివేవాడు. మూతలకి జిగురు పూసే పిన్ని మాత్రం ‘మామూలుగా చదవరా నాయనా, రాసినాయన కూడా ఇంత ఏడ్చి ఉండడు’ అనేది.

ఉత్తరాలు పెరిగాక ఒకరోజు మేడమ్ ఆయన్ని గదిలోకి పిలిచింది.

‘మాస్టారూ, ఈ కార్డులు ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఒక్క పేరా ఇవ్వండి. మూత లోపల అచ్చేద్దాం. దెబ్బకి ఉత్తరాలాగిపోతాయి.’

‘వద్దండీ.’

‘ఎందుకు?’

‘జాలిపడతారు.’

‘పడనీయండి. జాలిపడితే కొంటారు.’

‘అందుకే వద్దంటున్నానండీ.’

‘అయితే ఇతివృత్తం మార్చాల్సొస్తుంది. ఇల్లు చేరే కుక్కపిల్ల అంటున్నారు డిజైనువాళ్ళు. వచ్చే వారంలోగా మీ మాట చెప్పండి.’

ఆ శనివారం రేడియో చించిన మూడో కవరులో ఉన్నది ఇది.

‘గౌరవనీయులైన యాజమాన్యానికి. మీ ఆట మా పక్కింటివారు కొన్నారు. నన్ను కూడా ఆడటానికి పిలిచారు. మూడోసారి నా వంతు వచ్చినప్పుడు చేతికి వచ్చిన కార్డు ఇది: అక్క అల్లిన స్వెట్టరు వేసుకుని, ఇది ఎవరిదని అక్కనే అడిగింది. మూడు గళ్ళు వెనక్కి. ఆ అక్క నేనే. ఆ రోజు ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. ఒకరు చనిపోయారు. ఒకరు ఈ ఉత్తరం రాస్తున్నారు. మూడో వ్యక్తి మీ వద్ద పనిచేస్తున్నారు. ఆ రోజు నేను అక్కడ ఏడవకుండా నా ఇంటి వరకు నడిచి వెళ్ళాను. దానికి మూడు గళ్ళు అని లెక్క కట్టిన మనిషిని ఉద్యోగం నుంచి తీసేయమని నేను కోరను. మీ ఆటలో నుంచి మా చెల్లెల్ని తీసేయమని మాత్రం కోరుతున్నాను.’

రేడియో గొంతు సగంలోనే పడిపోయింది. ఆగితే తప్పు, చదివితే తప్పు అన్నట్టు చివరిదాకా గొణిగేశాడు. ఎవరూ కత్తి మిషను వైపు చూడలేదు. జిగురు పిన్ని లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి మిల్లీమీటరు ముందు పెట్టి, వెళ్ళి కూర్చుంది. మేడమ్ తన సిద్ధాంతం గురించి ఆ రోజు మాట్లాడలేదు.

మర్నాడు ఆదివారం. భార్య సంగతులు ఎత్తి మాట్లాడుకోవడానికి ఆయనకి ఈ భూమ్మీద మిగిలిన మనిషి వదిన ఒక్కతే. ఆ మనిషిని పోగొట్టుకోకుండా ఉండటానికి ఆయన దగ్గర ఒకే ఒక్క దారి ఉంది. నీలం సిరా కార్డులు ముప్పై ఒకటీ రబ్బరు బ్యాండు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మాట తప్పడానికే బయల్దేరాడు.

వదిన తలుపు తీసి కుర్చీ చూపించింది.

‘కూర్చో మరిదీ. కాఫీ మాత్రం ఇవ్వను. ఇస్తే నీ మీద పోసినా పోస్తాను.’

‘ఆ ఉత్తరమేదో నాకే రాయొచ్చుగా వదినా.’

‘ఆ కార్డేదో నాకు చూపించి అచ్చేయొచ్చుగా.’

స్వెట్టరు కార్డు ఆ తొమ్మిదిలోది. జేబులో ఉన్న ముప్పై ఒకటిలో అది లేదు.

‘పెట్టె అడిగి తెచ్చుకుని నలభై కార్డులూ చదివాను’ అంది వదిన. ‘పంచదార డబ్బా, ఉప్పు, కిటికీకి బదులు తలుపు. అన్నీ రాసిపెట్టుకున్నావన్నమాట. అది ఒక్కోటీ మర్చిపోతుంటే నువ్వు పక్కన కూర్చుని లెక్క రాశావు. నా చెల్లెలు నీకు ఇన్నేళ్ళు వండిపెట్టింది మరిదీ. ఒక్కపూట ఉప్పెక్కువైతే ఊరంతటికీ చాటావు.’

ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్ళింది.

‘ఒక్కటే నాకు ఊరట’ అంది వదిన. ‘దానికి తెలీదు. ఈ స్వెట్టరెవరిదని అడిగి నవ్వింది చూడు, ఏమీ ఎరగని నవ్వు అది. ఏం పోతోందో దానికి తెలీనే తెలీదు. తెలిసి బాధపడింది మనం. అది ఒక్క రోజు కూడా పడలేదు. ఆ ఒక్కమాట పట్టుకుని ఈ ఏడాది కంటికి కునుకొస్తోంది నాకు. లేకపోతే నేనేమైపోదునో.’

జేబులోని కార్డులు బల్ల మీద పెట్టడానికి ఒక్క క్షణం పడుతుంది. వదిన తన చెల్లెలి అక్షరాలని కళ్ళజోడు లేకుండానే గుర్తుపడుతుంది. మొదటి కార్డుకి ఆయన మీద కోపం పోతుంది. మూడో కార్డుకి సంగతి అర్థమవుతుంది. తప్పు చేసిన ప్రతిసారీ చెల్లెలికి తెలుసు. అదే పూట కూర్చుని, తన చేత్తో, ఎన్ని గళ్ళు వెనక్కి వెళ్ళిందో కూడా రాసుకుంది.

ఆయన చెయ్యి కిందికి దించాడు.

‘ఆ స్వెట్టరు కార్డు రాసింది నువ్వేనా? ఇంకెవరో నీ దగ్గర విని రాశారంటే నమ్ముతాను. చెప్పు.’

‘నేనే వదినా.’

‘అన్నీనా?’

‘అన్నీ.’

మొదటి జవాబు నిజం. రెండోది కాదు.

‘ఎందుకు రాశావు?’

స్వెట్టరు కార్డుకి ఆయన దగ్గర ఉన్న జవాబు ఒక్కటే.

‘షీటులో ఖాళీ ఉంది వదినా.’

వదిన లేచి తలుపు దగ్గర నిలబడింది.

‘కొన్నాళ్ళు ఆదివారాలు రాకు’ అంది.

దీన్ని త్యాగమనేవాళ్ళు ఉంటారు. అలాంటివాళ్ళు చెప్పులు వేసుకుని ఆయన వెనక ఆ రెండు వీధులూ నడిచి చూడాలి. తను రాయని ముప్పై ఒకటీ నెత్తిన వేసుకున్నది వదిన నిద్రకోసమే కావచ్చు. కానీ ఆమె ఏడవకుండా ఇంటిదాకా నడిచిన రోజుని అచ్చులోకి ఎక్కించిన కార్డు మాత్రం ఆయనదే. దాన్ని ఏ చేతిరాతా మాఫీ చేయదు. ఉత్తరాలు రాసినవాళ్ళలో ఆట గురించి సరిగ్గా రాసింది ఆవిడ ఒక్కతే అని ఆయనకి తెలుసు.

సోమవారం మేడమ్‌తో ‘కుక్కపిల్లనే పెట్టేయండి’ అన్నాడు.

డిజైనువాళ్ళు చకచకా పని కానిచ్చారు. టైర్ల షాపు ఎముకల గుట్ట అయింది. నీలం గేటు పిల్లి ఇల్లయింది. కార్డుల మీద కుక్కపిల్ల చెప్పు కొరికింది, బురదలో దొర్లింది, పోస్టుమాన్ని చూసి పారిపోయింది. గళ్ళు మాత్రం ఇరవై ఎనిమిదే. షీట్లు వచ్చిన రోజు మిల్లీమీటరు వాటిని కత్తి కింద పెట్టి, ఎప్పటిలాగే అంచు చూసి కోశాడు. ఒక్క కార్డుకి కూడా తెల్ల గీత రాలేదు. పాత పెట్టెల్లో మిగిలినవాటిని ఏం చేయాలని అడిగితే, మూతలు పనికొస్తాయి తీసి ఉంచండి, లోపలివి నాకివ్వండి అన్నాడు. ఏం చేసుకుంటారని ఎవరూ అడగలేదు.

కుక్కపిల్ల బాగా అమ్ముడుపోయింది. ఫిర్యాదులు ఆగిపోయాయి. వదిన చెప్పిన ‘కొన్నాళ్ళు’ మాత్రం ఆగలేదు. ఆదివారాలు ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు. ఒకసారి వీధిలో ఎదురుపడితే ‘ఒంట్లో బాగుందా మరిదీ’ అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు ఆవిడ చేతిసంచీలోంచి ఊలు ఉండ ఒకటి కనిపించిందని, అది ఆ స్వెట్టరు రంగేనని జిగురు పిన్నితో అన్నాడు. పిన్ని ‘రంగులు మీకెందుకు మాస్టారూ, మీరు కొలతల మనిషి’ అంది, ఇంకేం అనాలో తెలియక.

శనివారం చదువు కూడా మళ్ళీ మొదలైంది. ఈసారి వచ్చినవి మెచ్చుకోళ్ళే. రేడియో గొంతుకి పని తగ్గింది. ఒక శనివారం మాత్రం ఒక తల్లి రాసిన చీటీ వచ్చింది. రేడియో ముందు కొంచెం బెదురుగా చూసి, పర్లేదనిపించాక గొంతు పెంచాడు.

‘ఆట బాగుంది. కానీ ఒక కార్డు మీద కుక్కపిల్ల ఏం చేసిందో లేదు. ఊరికే రెండు గళ్ళు వెనక్కి అని ఉంది. ఏ తప్పూ చేయకుండా అదెందుకు వెనక్కి వెళ్ళాలని మా పాప ఏడుస్తోంది. వివరణ ఇవ్వగలరు.’

హాలంతా నవ్వింది. జిగురు పిన్ని కూడా నవ్వింది. డిజైనువాళ్ళు ముప్పై తొమ్మిది కార్డులు మార్చారు గాని, ఆ ఒక్కదానిలో మార్చడానికి ఏమీ లేదు కాబట్టి అది అలాగే వెళ్ళిపోయింది.

‘ఇది అచ్చుతప్పేనా మాస్టారూ?’ అంది మేడమ్ నవ్వుతూనే. ‘తర్వాతి అచ్చులో తీసేద్దాం. ఏమంటారు?’

మిల్లీమీటరు కత్తి మిషను పక్కన గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చివరి వేలు కూడా తుడుచుకుని గుడ్డ మడిచి పెట్టాడు.

‘తీయకండి మేడమ్’ అన్నాడు. ‘షీటులో ఖాళీ వస్తుంది.’